శంఖం ఊదని పుస్తకం

అనగనగా ఒక రాజు, ఆ రాజుకి నిద్ర పట్టదు. నన్నడిగితే కథకి ఇంత చాలు. కానీ మీరు ఊరుకోరు కదా, ఏ ఊరు, ఏం పేరు, ఎంతమంది కొడుకులు అని నా కొంగు పట్టుకు లాగుతారు. చెబుతాను, ఉండండి. పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి కాళ్లు పీకుతున్నాయి. కాస్త ఆ గోడకి చేరబడనివ్వండి.

ఆ రాజు పేరు ధవళసేనుడు. ఆయన ఏలే ఊరు తాళపురి. ఎటు చూసినా తాటితోపులే. తాటాకు అంత దొరికే చోట పుస్తకాలకి కరువుంటుందా? ఇంటింటా పుస్తకాలే, అటకల మీద పుస్తకాలే, ధాన్యం గాదె పక్కన కూడా పుస్తకాలే. పక్క రాజ్యాల రాజులు మాకు ఇన్ని ఏనుగులున్నాయని గొప్పలు పోతే, ధవళసేనుడు మాత్రం మా కోటలో ఈ ఏడు ఇన్నిసార్లు శంఖం మోగిందని మీసం దువ్వుకునేవాడు.

ఆ శంఖం సంగతి చెప్పాలి. ఆ ఊళ్లో ఒక ఆచారం. ఎవరైనా ఒక పుస్తకం చదివి ఆఖరి ఆకు తిప్పారనుకోండి, వెంటనే ఆ పుస్తకానికి తాడు చుట్టి, బొట్టు పెట్టి, హారతిచ్చి, శంఖం ఊదేవారు. చదివినవాణ్ణి పీట మీద కూర్చోబెట్టి తలంటు పోసేవారు. కొత్త బట్ట కట్టి, పరమాన్నం వడ్డించేవారు. పరమాన్నం తిన్న మూతి తుడుచుకోకముందే ఇంకో పుస్తకం తాడు విప్పి ఒళ్లో పెట్టేవారు. కోటలో శంఖం ఊదే పని నాగలింగం అనే ముసలాయనది. ఊది ఊది పాపం ఆయన బుగ్గలు సంచుల్లా వేలాడిపోయాయి. ఎప్పుడు చూసినా స్తంభానికి ఆనుకుని, ఇంకెవరు పూర్తిచేస్తారా అని బెదురుగా చూస్తుండేవాడు.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రత్నాంగుడు. వెనక ఎవరో తరుముతున్నట్టు చదివేవాడు. నడిపివాడు వజ్రాంగుడు. తింటూ చదివేవాడు, గుర్రం మీద పోతూ చదివేవాడు. చిన్నవాడు హేమాంగుడు, మన కథ వాడిదే. వాడు ఓపిక ఉన్నంతసేపు చదివి, అలిసిపోయి, అలిసిపోయానని చెప్పడానికి సిగ్గేసి, మళ్లీ చదివేవాడు.

ఆ హేమాంగుడికి ఎవరికీ చెప్పుకోలేని దిగులొకటి ఉండేది. శంఖం మోగిందంటే చాలు, చదివిందంతా తలలోంచి జారిపోయేది. తలంటు నీళ్లతో పాటే తూములోంచి పోయేది. నిన్న చదివిన పుస్తకం ఎలా ఉందని ఎవరైనా అడిగితే బాగుందనేవాడు. ఏం బాగుందని ఎవరూ అడిగేవారు కాదు. అడిగితే రేపు తామూ చెప్పాల్సి వస్తుంది కదా. నిజానికి ఆ ఊళ్లో అందరి సంగతీ అంతే. ఎవరికి వారు ఈ తెగులు తమ ఒక్కరికే ఉందనుకుని లోలోపల కుమిలిపోయేవారు.

ఇలా ఉండగా రాజుకి నిద్ర కరువైంది. ఎందుకు పోయిందో ఎవరికీ తెలీదు. హంసతూలికా తల్పం మార్చారు, పట్టలేదు. గేదెపాలలో గసగసాలు నూరి ఇచ్చారు, పట్టలేదు. అరికాళ్లకి ఆముదం రాశారు, పట్టలేదు. రాజు కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, నేనేమంటున్నాను అని మంత్రినే అడిగేవాడు.

చివరికి రాజవైద్యుడు చేతులు కట్టుకుని ఒక మాట చెప్పాడు. రాజుగారి తాతగారికి కూడా ఇదే జబ్బు చేసిందట. అప్పటి వైద్యుడు నిద్రమ్మ కథ అని ఒక పుస్తకం రాసి ఆయనకి నయం చేశాడట. మందు ఆ కథలోనే ఉందట. కార్తీక పున్నమి లోపల రాజుకి కన్ను మూతపడకపోతే ఆ పైన ప్రాణం నిలవదని కూడా వైద్యుడు చెప్పాడు.

పుస్తకశాలకి పరుగెత్తి ఆ పుస్తకం తెచ్చారు. తాడు విప్పారు. పైన చెక్క, కింద చెక్క మిగిలాయి, మధ్యలో అంతా మట్టి. చెదలు తినేశాయి. రాజ్యం మొత్తం వెతికినా ఇంకో ప్రతి లేదు.

వైద్యుడు మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఏం ఫరవాలేదు, రాకుమారులు ముగ్గురూ ఇది చదివారుగా అన్నాడు. నిజమే, ముగ్గురికీ శంఖం ఊదినట్టు నాగలింగం సాక్ష్యం చెప్పాడు. రాజు ముగ్గుర్నీ పిలిచాడు.

పెద్దవాడు ఆలోచించి, ఆ పుస్తకానికి ఎర్ర పట్టుతాడు ఉండేదన్నాడు. నడిపివాడు ఆలోచించి, చాలా మంచి పుస్తకం, ఒక్క పూటలో ముగించానన్నాడు. చిన్నవాడు ఆలోచించి ఆలోచించి, చదువుతుంటే వాన పడుతోంది నాన్నగారూ, నేను వేయించిన శనగలు తింటున్నాను అన్నాడు.

ఆ పైన ఎవరికీ ఏమీ గుర్తు రాలేదు. సభ అంతా తలలు వంచుకుంది. రాజుకి కోపం రావాలి, కానీ కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆయనకి లేదు.

"అన్ని శంఖాలు ఊదించాను కదరా," అన్నాడు, అంతే.

కొట్టినా హేమాంగుడు తట్టుకునేవాడు. ఆ మాటని మాత్రం తట్టుకోలేకపోయాడు.

అప్పుడు ఆస్థాన జ్యోతిష్కుడు లేచాడు. ఏడు సముద్రాల అవతల కరాళజంఘుడని ఒక మాంత్రికుడున్నాడు, మన పుస్తకాలన్నీ మన తలల్లోంచి ఎత్తుకుపోయేది వాడే, వాడి దగ్గర చిలకొకటి ఉంది, అన్ని పుస్తకాలూ దానికి కంఠస్థం అని చెప్పాడు. ఆ మాట విని సభలో అందరి ముఖాలూ తేటపడ్డాయి. తప్పు తమది కాదు, ఎవడో మాంత్రికుడిది. ఇంతకంటే చల్లటి కబురు ఏముంటుంది?

పెద్దవాడు తెల్ల గుర్రమెక్కి బయల్దేరాడు. రోజులు గడిచాయి, తిరిగి రాలేదు. నడిపివాడు నల్ల గుర్రమెక్కి బయల్దేరాడు. రోజులు గడిచాయి, వాడూ తిరిగి రాలేదు. చిన్నవాడు గుర్రం ఎక్కలేదు. ఆ పుస్తకం తాలూకు చెక్కలు రెండూ ఉత్తరీయంలో మూటకట్టుకుని, తండ్రి పాదాలకి దణ్ణం పెట్టి, నడిచి బయల్దేరాడు. నువ్వూ వెళతావా అన్నట్టు రాజు వాడి చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆ చేతిలో పట్టు లేదు, వేడి మాత్రం ఉంది.

నడిచాడు, నడిచాడు, కాళ్లు బొబ్బలెక్కేదాకా నడిచాడు. మొదటి సముద్రం ఒడ్డున మన పెరడంత తాబేలు ఒకటి మెడ చాపుకుని పడుకుని ఉంది. హేమాంగుడు దణ్ణం పెట్టి, తాతా, నన్ను దాటిస్తావా అని అడిగాడు. దాటిస్తాను, కానీ దారి పొడుగు, నాకు ఊసుపోదు, ఏదైనా కథ చెప్పాలి అంది తాబేలు. నేను చదవని పుస్తకం లేదు తాతా, చెప్పడమెంతసేపు అని వీపెక్కి కూర్చున్నాడు హేమాంగుడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మూశాడు, మళ్లీ తెరిచాడు, రాలేదు. సిగ్గుతో వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఉన్న సంగతంతా చెప్పేసి, వాన, శనగలు, ఇవే గుర్తున్నాయన్నాడు.

తాబేలు నవ్వలేదు. ముసలిది, తొందర లేనిది. కాసేపు ఈది, ఒక ప్రశ్న అడిగింది.

"శనగలు తింటున్నావు కదా. నోటిదాకా తీసుకెళ్లిన చెయ్యి ఎక్కడైనా ఆగిందా?"

హేమాంగుడు ఏదో చెప్పబోయి గతుక్కుమన్నాడు. ఇంతవరకు వాణ్ణి అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. మాట ఆగిపోయింది, లోపల ఏదో కదిలింది. ఒక సముద్రం దాటేదాకా ఆలోచించాడు. అప్పుడు మసగ్గా ఒక గడప కనిపించింది. గడప మీద ఒకామె కూర్చుని ఉంది. అవును, అక్కడే చెయ్యి ఆగింది. ఆమె నిద్రమ్మ. ఎందుకు కూర్చుంది అని అడిగింది తాబేలు. ఇంకో సముద్రం గడిచింది. లోపలికి రానివ్వలేదు తాతా, రోజూ పొద్దుగూకగానే వస్తుంది, ఇంట్లోవాళ్లేమో ఇంకాస్త పనుంది, కూర్చో, ఇప్పుడే అయిపోతుంది అంటారు, ఆమె గడప మీదే కూర్చుంటుంది, అన్నాడు హేమాంగుడు. చెబుతుంటే వాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన ఇల్లే గుర్తొచ్చింది.

మూడో సముద్రం ఒడ్డున దింపి తాబేలు వెళ్లిపోయింది. అక్కడ ముసలి కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి కునుకుతోంది. అదీ అంతే, దాటిస్తాను, కథ చెప్పమంది. ఈసారి హేమాంగుడు తడుముకోలేదు. వాన, శనగలు, గడప, నిద్రమ్మ, అన్నీ వరసగా చెప్పాడు. తాబేలుకి చెప్పినప్పటికంటే ఈసారి మాట సాఫీగా వచ్చింది. కొంగ రెక్క దించకుండానే అడిగింది, తర్వాత ఆ ఇంటాయన ఏం చేశాడు అని. నాలుగో సముద్రం మీద ఆలోచించాడు, అయిదో సముద్రం మీద ఆలోచించాడు, ఆరో సముద్రం మీద చెప్పాడు. ఒకనాడు నిద్రమ్మ లేచి వెళ్లిపోయింది. ఇంటాయన వెతుక్కుంటూ పోయి, దారిలో బావి కనిపిస్తే బావిని అడిగాడు, గాలి కనిపిస్తే గాలిని అడిగాడు. అంతవరకే గుర్తొచ్చింది. అంత చాలు, నాకు బరువు తెలీలేదు అంది కొంగ.

ఏడో సముద్రంలో నీళ్లు లేవు. కనుచూపు మేరా ఎండు తాటాకులే. అలలు అలలుగా లేచి పడుతున్నాయి. దాని మీద ఈదలేం, ఎగరాలంటే వేడిగాలి కిందికి లాగేస్తుంది, నా వల్ల కాదు నాయనా అని కొంగ దిగులుగా వెనక్కి తిరిగింది. హేమాంగుడు ఒడ్డున చతికిలబడి, ఒక ఆకు తీసి చూశాడు. అందులోని పద్యం ఎక్కడో చదివినట్టుంది. ఇంకోటి తీశాడు, అదీ చదివినట్టుంది. అవన్నీ తాళపురి మరిచిపోయిన పుస్తకాలే.

అప్పుడు వాడి మూటలోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. చెక్క సందులో మిగిలిపోయిన చెదపురుగు అది.

"ఏం బాబూ, మా మీద కోపమా? మేమూ నీలాగే మీ పుస్తకం మొదటినుంచి చివరిదాకా పూర్తిచేశాం. నీకు మిగిలిందే మాకూ మిగిలింది. కాకపోతే మేం కాస్త లావయ్యాం."

హేమాంగుడికి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. కోపం లేదమ్మా, ఇది దాటించగలవా అన్నాడు. చెదలమ్మ తనవాళ్లని పిలిచింది. ఎక్కడెక్కడి చెదలూ పుట్టలు పుట్టలుగా కదిలొచ్చాయి. ఆకుల మధ్య మనిషి పట్టేంత దారి తింటూ ముందుకుపోయాయి. హేమాంగుడు వాటి వెనకే నడిచాడు. రెండు పక్కలా తను మరిచిపోయినవి గోడల్లా నిలబడి ఉంటే, వాటి మధ్య నడవడం వాడికి చాలా కష్టంగా తోచింది.

అవతలి ఒడ్డున పెద్ద పెరడు. పెరట్లో ఎంతోమంది రాకుమారులు చీపుళ్లు పట్టుకుని ఆకులు ఊడుస్తున్నారు. వాళ్లలో రత్నాంగుడున్నాడు, వజ్రాంగుడున్నాడు. హేమాంగుడు పరుగున వెళ్లి అన్నయ్యా అని పెద్దవాడి చెయ్యి పట్టుకున్నాడు. పెద్దవాడు వాడి ముఖంలోకి ఎంతో మర్యాదగా చూసి, ఎవరి తాలూకు బాబూ మీరు అని అడిగి, మళ్లీ ఊడవడం మొదలుపెట్టాడు. 

"వచ్చావా," అన్నారెవరో. చూస్తే తాటిచెట్టులాంటి కాళ్లతో కరాళజంఘుడు. చేతిలో వాడికీ ఒక చీపురుంది. కళ్లు ఎర్రగా, కింద సంచులు వేలాడుతున్నాయి. అచ్చం హేమాంగుడి తండ్రి కళ్లే. దొంగా, మా పుస్తకాలు ఇచ్చెయ్ అని అరుద్దామనుకున్న హేమాంగుడు ఆ కళ్లు చూసి ఆగిపోయాడు.

"దొంగనంటావు, అంతేగా. మీ ఊరికి నేనెప్పుడైనా వచ్చానా? మీరే హారతిచ్చి, శంఖం ఊది పుస్తకాలని సాగనంపుతున్నారు. అంత చేశాక ఎవరైనా చూరు పట్టుకుని వేలాడతారా? వెళ్లిపోతారు. వచ్చి నా పెరట్లో పడుతున్నాయి, ఊడ్చుకుంటున్నాను. నీ పుస్తకం కావాలంటే చిలకనడుగు, చెబుతుంది. నేనడ్డం రాను."

అని మాంత్రికుడు పక్కకి తప్పుకున్నాడు. అంత తేలిగ్గా తప్పుకుంటే ఎవరికైనా అనుమానం రాదూ? హేమాంగుడికీ వచ్చింది.

పెరడు చివర పందిరి కింద బంగారు పంజరం. అందులో చిలక ఎడతెరిపి లేకుండా ఏదో పుస్తకం వల్లిస్తోంది. పక్కన ఒక అమ్మాయి జామకాయ ముక్కలు అందిస్తోంది. ముక్క నోట్లో ఉన్నా చిలక మాట ఆగడం లేదు. ఆ అమ్మాయి చెవుల్లో బూరుగు దూది కూరుకుని ఉంది. హేమాంగుడు సైగ చేస్తే ఒక చెవిలోంచి దూది తీసింది.

ఆమె పేరు కువలయ. ఏదో దేశపు రాకుమారి. చిలకకి మేత పెట్టడానికి మాంత్రికుడు ఎత్తుకొచ్చాడు. వీళ్లంతా మీలాగే వచ్చారని చీపుళ్ల వాళ్లని చూపించి చెప్పింది. చిలక ఏ పుస్తకం అడిగితే ఆ పుస్తకం చెబుతుంది. ఆఖరి మాట చెప్పి, అదే ఊపిరిలో తాళపురి శంఖం కూడా ఊదుతుంది. పుస్తకంతో పాటు వచ్చిన చప్పుడే కదా, అదీ నేర్చేసుకుంది. ఇంత దగ్గర్నుంచి ఆ శంఖం విన్నవాడు పుస్తకంతో పాటు తన పేరూ ఊరూ కూడా మరిచిపోతాడు. చెవులు మూసుకుంటే ఆఖరి మాట వినబడదు, తెరుచుకుంటే శంఖం వినబడుతుంది.

మరి ఆ చిలకని చంపితేనో అని అడిగాడు హేమాంగుడు. కత్తులు విరిగాయి, బాణాలు వంగాయి అంది కువలయ. తర్వాత గొంతు తగ్గించింది.

"మాంత్రికుడి ప్రాణం చిలక ఒంట్లో లేదు, దాని మాటలో ఉంది. ఆ మాట ఆగకుండా సాగినంతకాలం వాడు చావడు, నిద్రా పోడు. చెప్పమంటే చిలక చెబుతుంది. ఆపమంటే ఆపదు. ఎందరో ఆపమన్నారు. దాన్ని ఎవరూ ఇంకేమీ అడగలేదు."

అని మళ్లీ దూది పెట్టేసుకుంది.

హేమాంగుడు పంజరం ముందు కూర్చుని, చిలకా, నిద్రమ్మ కథ చెప్పు అన్నాడు. చిలక వల్లిస్తున్న పుస్తకం పూర్తి కాకుండానే గొంతు మార్చి, ఇది మొదలుపెట్టింది. గడప వచ్చింది. గడప మీద నిద్రమ్మ వచ్చింది. బావి, గాలి వచ్చాయి. హేమాంగుడు మరిచిపోయినవీ వచ్చాయి. ఇంటాయన ఊళ్లు తిరిగాడు, కొండలెక్కాడు, చెప్పులు అరగదీశాడు. చివరికి ఒక పాడుబడ్డ గుడిసె ముందు నిద్రమ్మ కనిపించింది. గడపల మీద కూర్చుని కూర్చుని ఆమె కాళ్లు వాచి ఉన్నాయి. ఆయన ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, అమ్మా, మా ఇల్లెందుకు విడిచిపెట్టావు, ఏం చేస్తే మళ్లీ వస్తావు అని అడిగాడు.

మందు ఆ జవాబులోనే ఉంది. ఇంకా ఒక్క ఆకు. చిలక మెడ నిక్కించి, అప్పుడు నిద్రమ్మ ఏమందంటే, అని ఊపిరి తీసుకుంటోంది. ఆ ఊపిరిలోనే శంఖం కూడా ఉంది.

ఒక్క క్షణం హేమాంగుడికి తండ్రి చెయ్యి గుర్తొచ్చింది. ఆ జవాబు వింటే ఎవరికి తీసుకెళ్లాలో మరిచిపోతాడు. వినకపోతే మందు లేకుండా వెళ్లాలి. ఎటు చూసినా నష్టమే. తాబేలు ప్రశ్న అడిగినప్పుడు తన నోట్లో మాట ఎలా ఆగిపోయిందో కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆఖరి ఆకు పోతే పోయింది, మిగతాదైనా ఆయనకి మోసుకెళతాను అనుకున్నాడు.

దూరం నుంచి కరాళజంఘుడు వాడి వాలకం కనిపెట్టి, దాన్ని ఇంకేమీ అడక్కు అని కేకవేస్తూ పరుగెత్తుకొస్తున్నాడు.

"చిలకా," అన్నాడు హేమాంగుడు, "నీకేమనిపిస్తోంది? నిద్రమ్మ ఏమని ఉంటుంది?"

చిలక నోరు తెరిచింది. మాట రాలేదు. మూసింది, మళ్లీ తెరిచింది, రాలేదు. లక్ష పుస్తకాలు వల్లించిన చిలక అది, నీకేమనిపిస్తోందని దాన్ని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. తల ఒక పక్కకి వంచి ఆలోచనలో పడింది.

పెరడంతా నిశ్శబ్దం. కువలయ చెవుల్లోంచి దూది తీసేసి చుట్టూ చూసింది. మాంత్రికుడు పరుగు ఆపాడు. చీపురు చేతిలోంచి జారిపోయింది. కోపం వస్తుందనుకుంటే రాలేదు. నోరారా ఆవలించాడు. ఎన్నాళ్లకి అని గొణుక్కుని, ఊడ్చిపెట్టిన ఆకుల కుప్ప మీద పొడుగ్గా పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

ఊడుస్తున్న రాకుమారులు ఒక్కొక్కరే చీపుళ్లు కింద పడేసి, నడుములు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల పేర్లు వాళ్లకి గుర్తొచ్చాయి, ఎవరి దారిన వాళ్లు ఇళ్లకి బయల్దేరారు. పుస్తకాలు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. పోయినవి పోయినట్టే, వాటికి ఏ మంత్రమూ లేదు. అన్నలు తమ్ముణ్ణి గుర్తుపట్టి కౌగలించుకున్నారు. చెదలమ్మ ఆకుల సముద్రం చూసుకుని, మాకిక్కడే బాగుంది బాబూ అని ఉండిపోయింది. అన్నదమ్ములు ముగ్గురూ కువలయా చిలకని తీసుకుని, చెదలు తొలిచిన దారినే ఆకులు దాటి, కొంగ తన బంధువుల్ని వెంటబెట్టుకొస్తే కొంగల మీద, తర్వాత తాబేలు మీద సముద్రాలు దాటారు. దారి పొడుగునా హేమాంగుడు మళ్లీ అదే కథ చెప్పాడు. కువలయ అడ్డం వచ్చి ప్రశ్నలడిగింది, ఆమె ప్రశ్నలకి కథ ఇంకాస్త గట్టిపడింది.

కార్తీక పున్నమి నాడు మిట్టమధ్యాహ్నం కోట చేరారు. సభామంటపంలో మంచం వేసి రాజుని పడుకోబెట్టారు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడడం లేదు. వైద్యుడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. హేమాంగుడు కాళ్లయినా కడుక్కోకుండా మంచం పక్కన నేల మీద కూర్చుని, తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

మందు తేలేదు నాన్నగారూ, కథ తెచ్చాను, అదీ పూర్తిగా కాదు అని చెప్పి మొదలుపెట్టాడు. వానతో మొదలుపెట్టాడు, శనగలు వదల్లేదు. గడప మీద నిద్రమ్మ దగ్గరికి వచ్చేసరికి రాజు చూపు వాడి మీదికి తిరిగింది. లోపలికెందుకు రానివ్వలేదురా అని నీరసంగా అడిగాడు. ఇంకాస్త పని మిగిలిందట నాన్నగారూ అన్నాడు వాడు.  బావి దగ్గర రాజు ఇంకో ప్రశ్న అడిగాడు, గాలి దగ్గర ఇంకోటి అడిగాడు. హేమాంగుడు తొందరపడకుండా చెప్పుకుంటూ పోయాడు. వాచిన కాళ్లతో నిద్రమ్మ కనిపించింది. ఇంటాయన ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఏం చేస్తే మళ్లీ వస్తావమ్మా అని అడిగాడు.

"ఏమందిరా?" అన్నాడు రాజు.

"తెలీదు నాన్నగారూ. ఆ ఆకు నేను వినలేదు. మీరు చెప్పండి, ఏమని ఉంటుంది?"

 వైద్యుడు నెత్తి కొట్టుకున్నాడు. రాజు మాత్రం, ఉండు, ఆలోచించనీ అన్నాడు. ఆలోచించడానికి కళ్లు మూసుకున్నాడు. ఆయన పెదవులు ఏదో అనుకుంటున్నట్టు కాసేపు కదిలి ఆగిపోయాయి. హేమాంగుడి చేతిలో ఆయన చెయ్యి బరువెక్కింది. తర్వాత సన్నగా గురక వినిపించింది.

ఎవరూ కదల్లేదు. స్తంభం దగ్గర నాగలింగం ఒక్కడే, చెప్పడం ఆగింది కదా అని, అలవాటు కొద్దీ శంఖం నోటిదాకా ఎత్తాడు. హేమాంగుడు ఒక్క అంగలో వెళ్లి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఇంకా అవలేదు, తాతా."

నాగలింగం శంఖం దించి, దానికేసీ రాకుమారుడికేసీ చూసి, స్తంభానికి జారబడి కూర్చుని, తనూ నిద్రపోయాడు.

రాజు మర్నాడు పొద్దెక్కాక లేచాడు. లేస్తూనే, నిద్రమ్మ ఏమందో నాకు తెలిసిందిరా అన్నాడు. చెప్పాడు. హేమాంగుడు అలా అయ్యుండదన్నాడు. కువలయ మీ ఇద్దరిదీ తప్పంది. చిలక ఎవరి మాటా ఒప్పుకోకుండా తల వంచుకుని ఆలోచిస్తూనే ఉంది. రాజుకి ఆ రోజూ నిద్ర పట్టింది, ఆ మర్నాడూ పట్టింది.

హేమాంగుడికీ కువలయకీ మంచి ముహూర్తాన పెళ్లి చేశారు. సన్నాయి పెట్టారు, డోలు పెట్టారు. శంఖం మాత్రం వద్దని పెళ్లికూతురు ముందే చెప్పేసింది. ఊళ్లో పాత ఆచారం పోయి కొత్తది వచ్చింది. పుస్తకం చదివినవాడు దాన్ని ఇంకొకరికి కూర్చోబెట్టి చెప్పాలి. విన్నవాడు ఒక ప్రశ్నయినా అడగాలి. ఆ తర్వాతే పరమాన్నం. మొదట్లో చాలామంది తిట్టుకున్నారు, ఇలా అయితే ఏడాదికి ఎన్ని చదవగలం అని. తక్కువే చదివారు. అన్నలు హాయిగా వ్యవసాయం చూసుకున్నారు, రాజ్యం చిన్నవాడికే వదిలేశారు. నాగలింగం బుగ్గలు మళ్లీ కాస్త బిగిశాయి.

హేమాంగుడూ కువలయా ఎంతోకాలం రాజ్యమేలారు. ముసలివాళ్లయ్యాక కూడా అన్నాల దగ్గర ఆ ఆఖరి ఆకు గురించి పోట్లాడుకునేవారు. వాళ్ల పిల్లలు పోట్లాడుకున్నారు, ఆ పిల్లల పిల్లలు పోట్లాడుకున్నారు. తాళపురిలో ఎన్నో పుస్తకాలు పుట్టాయి, ఎన్నో పోయాయి. ఆ నిద్రమ్మ కథ మాత్రం ఈనాటికీ ఎవరూ మరిచిపోలేదు, ఎవరికీ పూర్తి కాలేదు కనక.

అదిగో, చిన్నాడు అప్పుడే చప్పట్లు కొట్టబోతున్నాడు. వద్దు నాయనా, ఇంకా అవలేదు. మీరు చెప్పండి, నిద్రమ్మ ఏమని ఉంటుంది? తొందరేం లేదు, బాగా ఆలోచించి ఒక్కొక్కరే చెప్పండి. నేనెక్కడికీ పోను. ఇక్కడే ఈ గోడకి చేరబడి, కళ్లు మూసుకుని వింటూ ఉంటాను.